ఎడమ భుజం కింది బిళ్ల

నార్తాంప్టన్‌లో నాకు తెలిసిన తెలుగువాళ్ళలో సగం మందికి కారు నడపడం నేర్పింది బాపురావు గారు. నాకూ ఆయనే నేర్పారు. 2009లో మూడోసారికి టెస్టు పాసయ్యాను. మొదటి రెండుసార్లు ఫెయిలైనప్పుడు నాకంటే ఆయనే ఎక్కువ నలిగిపోయారు. నేను ఎగ్జామినర్‌తో వెళ్ళి వచ్చే నలభై నిమిషాలూ టెస్ట్ సెంటర్ ముందు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారట. లోపల కుర్చీలున్నాయి, హీటర్ ఉంది. అయినా సరే.

ఆయన కుదురుగా ఉండలేని మనిషి. తొంభై ఆరులో నిర్మల్ నుంచి వచ్చిన కొత్తలో ఒక గోడౌన్‌లో పార్సిళ్ళు సర్దే పనిలో చేరి, ఒకేచోట నిలబడలేక నాలుగు నెలలకే మానేశారు. తర్వాత ఇన్‌స్ట్రక్టర్ పరీక్షలు పాసై, సొంత కారులో ఎడమ సీటు ముందు రెండో బ్రేకు పెట్టించుకుని ఈ పనిలోకి దిగారు. కూర్చుని చేసే పనే, కానీ కూర్చున్న సీటు ఊరంతా తిరుగుతుంది కాబట్టి ఆయనకు సరిపోయింది. ఇంట్లో సోఫాలో కూర్చున్నా కుడికాలు కార్పెట్‌ని తొక్కుతూనే ఉండేది.

భార్య కమలాబాయి గారు ఒక ప్రైమరీ స్కూల్ కిచెన్‌లో పనిచేసేవారు. ఒక్కతే కూతురు, నిఖిత. ఇక్కడే పుట్టింది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. నేను కళ్ళతో చూసింది కొంత, తర్వాత కమలాబాయి గారు చెప్పింది కొంత కలిపి ఇది రాస్తున్నాను.

పాఠానికీ పాఠానికీ మధ్య గంట ఖాళీ దొరికితే బాపురావు గారు ఊరి చివర అడవి పక్కన కారు ఆపి, గడ్డిలో కూర్చుని టిఫిన్ బాక్స్ విప్పేవారు. జింకలు తిరిగే చోటది. 2011 జులైలో ఒక రోజు స్నానం చేస్తుంటే మోకాలి వెనక నువ్వుగింజంత నల్లటి చుక్క చేతికి తగిలింది. గోటితో గీకి పడేశారు. పది రోజులకు అక్కడ అరచేతంత ఎర్రటి వలయం వచ్చింది.

కమలాబాయి గారు చూసి తేల్చేశారు. "తామర. చెమటకు వచ్చింది. మందు రాయుండ్రి, పోతది."

మందు రాశారు, పోయింది. ఇద్దరూ మర్చిపోయారు.

అక్టోబర్‌లో ఒక పొద్దున టీ తాగుతుంటే నోటి కుడి మూల నుంచి టీ కారిపోయింది. ముఖం ఒకవైపు జారిపోయి, కన్ను మూతపడలేదు. పక్షవాతమేమోనని కమలాబాయి గారు ఆసుపత్రికి లాక్కెళ్ళారు. అక్కడ చూసి అది కాదన్నారు; ముఖంలో నరం వాచింది, దానంతటదే సర్దుకుంటుందన్నారు. రెండు నెలలకు సర్దుకుంది. ఆ తర్వాతే అసలు బాధలు మొదలయ్యాయి. మోకాళ్ళ నొప్పులు, అరికాళ్ళలో సూదులు, పది మెట్లు ఎక్కితే కొండ ఎక్కినంత ఆయాసం. రోజూ వెళ్ళే రోడ్డు పేరు నోటికి రాక స్టూడెంట్‌తో "గటు తిప్పు, గటే" అని చెయ్యి చూపించడం. జీపీ సర్జరీ చుట్టూ, అంటే ఇక్కడి పేట డాక్టర్ల క్లినిక్ చుట్టూ, ఏడాదిన్నర తిరిగారు. వైరస్ అన్నారు, వయసన్నారు, ఒకాయన డిప్రెషన్ అని కూడా అన్నారు.

2013లో సర్జరీకి తాత్కాలికంగా వచ్చిన ఒక డాక్టరమ్మ మాత్రం మొదటినుంచీ అంతా చెప్పమని అడిగి, ముఖం జారిన దగ్గర ఆగింది. "అంతకుముందు ఏదైనా కుట్టిందా? ఒంటిమీద గుండ్రంగా ఎర్రబడిందా?" అని అడిగింది.

పక్కనే ఉన్న కమలాబాయి గారికి తామర గుర్తొచ్చింది. రక్తపరీక్షలో లైమ్ వ్యాధి అని తేలింది. అడవి అంచున జింకల మీద బతికే పురుగు కుడితే వచ్చే జబ్బు.

"పసురాలకు పట్టే గోమారి లెక్కటిది," అని బాపురావు గారు నాతో ఫోన్లో అన్నారు. గొంతులో దాదాపు సంతోషం. "గింత పురుగు రెండేండ్లు తిప్పలు పెట్టింది. ఇగ పేరు దొరికింది, పట్టుకుంటం."

ఆసుపత్రిలో మూడు వారాలు రోజూ నరంలోకి మందు ఎక్కించారు. బాగా కోలుకున్నారు. మళ్ళీ రోజుకు నాలుగు పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. మూడు నెలలు తిరిగేసరికి నొప్పులు, నిస్త్రాణ తిరిగొచ్చాయి. ఆసుపత్రి డాక్టరు నెమ్మదైన మనిషి. క్రిమి పోయిందనే తన నమ్మకమని, అది చేసి వెళ్ళిన నష్టం మానడానికి టైం పడుతుందని, ఇంకా యాంటీబయాటిక్స్ ఇస్తే లాభముంటుందనడానికి ఆధారం లేదని చెప్పాడు.

"టైం అంటే ఎంత?" అని బాపురావు గారు అడిగారు.

"చెప్పలేను. కొందరికి నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ. ఓపిక పట్టాలి."

ఆ ఒక్కటీ ఆయన చేతిలో లేదు. కారు పార్కులోకి వచ్చేదాకా కూడా ఆగకుండా కమలాబాయి గారితో అన్నారు: "ఊకె కూసోమని చెప్పనీకె డాక్టరెందుకు?"

వెతికి వెతికి ఒక ప్రైవేటు డాక్టరును పట్టుకున్నారు. ఆయన నెలల తరబడి డ్రిప్ పెడితే తప్ప ఈ జబ్బు లొంగదన్నాడు. వారానికి నాలుగు రోజులు మందు, మూడు రోజులు విరామం. 2014 చివరికి చేతుల్లో సూది గుచ్చడానికి నరం మిగల్లేదు. అప్పుడు పోర్టు పెడదామన్నారు. భుజం కింద, ఛాతీ పైభాగంలో చర్మం లోపల రూపాయి బిళ్లంత చిన్న డబ్బా. దాన్నుంచి సన్నటి గొట్టం మెడ దగ్గర నరంలోకి వెళ్ళి, గుండె పైదాకా దిగుతుంది. బిళ్ల పైభాగం మెత్తగా ఉంటుంది. నర్సు అక్కడ వంకర సూది గుచ్చి డ్రిప్ తగిలిస్తుంది. విరామం రోజుల్లో సూది ఉండదు, చర్మం కింద చిన్న ఎత్తు మాత్రం తెలుస్తుంది.

2015 ఫిబ్రవరిలో ఆపరేషన్. ముందురోజు సర్జన్ కాగితం చేతిలో పెట్టుకుని అడిగాడు: "మీరు బండి ఎక్కువగా నడుపుతారా?"

"నా పనే అది. రోజంతా కారులోనే," అన్నారు బాపురావు గారు.

ఇక్కడ డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు, సీటు బెల్టు కుడి భుజం మీంచి వస్తుంది. సర్జన్ ఆలోచించి, బెల్టు రాసుకోకుండా ఉంటుందని పోర్టును ఎడమవైపు పెట్టాడు. నెల తర్వాత డాక్టర్లు పాఠాలు చెప్పుకోవచ్చన్నాక, మొదటిరోజు కారెక్కి ఎడమ సీట్లో కూర్చుని బెల్టు లాక్కుంటే అది సరిగ్గా బిళ్ల మీద పడింది. ఆ సీట్లో బెల్టు ఎడమ భుజం మీంచే వస్తుంది. ఆ సంగతి సర్జన్‌కు తెలియదు, చెప్పాలని ఈయనకు తోచలేదు.

కమలాబాయి గారు పాత చీర ముక్కలో దూది కుట్టి బెల్టుకు చుట్టారు. కొంత నయం. కానీ బెల్టు కంటే ఆయన వేళ్ళు ఎక్కువ పని చేశాయి. ఖాళీగా ఉన్నప్పుడల్లా కుడిచెయ్యి షర్టు మీదుగా వెళ్ళి ఆ బిళ్లను పట్టుకునేది. అటు నెట్టడం, ఇటు తిప్పడం, వదలడం, మళ్ళీ పట్టుకోవడం. ట్రాఫిక్ లైట్ల దగ్గర, టీవీ ముందు, ఫోన్ మాట్లాడుతూ. తనకే తెలియకుండా.

"డాడ్, లీవ్ ఇట్ అలోన్!" అని నిఖిత అరిచేది. చెయ్యి దిగిపోయేది. రెండు నిమిషాలకు మళ్ళీ పైకి.

"మీరు జర చేతులు కట్టుకోని కూసోండ్రి," అని కమలాబాయి గారు.

"దురద పెడ్తుంది," అని ఆయన.

మే చివర్లో ఇంకొకటి మొదలైంది. డ్రిప్ అయ్యాక గొట్టం కడగడానికి సెలైన్ ఎక్కిస్తుంటే ఎడమ చెవిలో గుయ్యిమని నీళ్ళు పారుతున్న చప్పుడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆపేయమంటారని భయం. ఆ వారాల్లో మందు ఎక్కుతున్నంతసేపూ స్టాండు పట్టుకుని గదిలో గోడ నుంచి గోడకు నడుస్తూనే ఉండేవారు. ఎన్ని రోజులకు తగ్గుతుంది, తగ్గినట్టు ఎట్లా తెలుస్తుంది, నిన్నటికంటే ఇవాళ మెట్లు తేలికయ్యాయా బరువయ్యాయా. రోజుకు పదిసార్లు మెట్లెక్కి దిగి చూసుకునేవారు. ఆ ఎక్కడంతోనే అలిసిపోయి, అలసట పెరిగిందని దిగులు పడేవారు.

ఆ రోజుల్లో ఆయన దగ్గర నేర్చుకుంటున్న అమ్మాయి మనస్విని. భీమవరం నుంచి పెళ్ళై వచ్చి రెండేళ్ళయింది. ఊరికి పన్నెండు మైళ్ళ దూరంలో ఒక పల్లెటూరి జీపీ సర్జరీలో మందులిచ్చే ఉద్యోగం వచ్చింది. తొమ్మిది లోపు అక్కడికి బస్సు లేదు. లైసెన్స్ వస్తేనే ఉద్యోగం. టెస్టు జూన్ ఆఖరున. భయస్తురాలే కానీ శ్రద్ధగా నేర్చుకునేది.

జూన్ మొదటి శనివారం వెల్లింగ్‌బరో రోడ్డు మీద వెళ్తుండగా లైటు పసుపుపచ్చకు మారింది. మనస్విని బ్రేకు గట్టిగా తొక్కింది. బెల్టు బిగుసుకుపోయి బాపురావు గారి ఛాతీ మీద పట్టేసింది. ఆయన అమ్మా అని అరిచారు.

"సారీ అంకుల్! తగిలిందా అండీ?"

"ఏం లేదు. పోనియ్యి," అన్నారు కానీ, పాఠం అరగంట ముందే ముగించారు.

సోమవారం నర్సు సులోచన వచ్చింది. కడప ఆమె. వారం వారం ఇంటికొచ్చి పోర్టుకు సూది పెట్టేది ఆమే. రెండుసార్లు గుచ్చింది. మూడోసారి ఆగి వేళ్ళతో బిళ్ల చుట్టూ తడిమి చూసింది.

"అన్నా, సూది గట్టిదానికి తగుల్తాండాది. బిళ్ల ఎనక్కి తిరిగిపోయినట్టుండాది. ఏం చేసినారు?"

"శనివారం ఒక పిల్ల బ్రేకు కొట్టింది," అన్నారు బాపురావు గారు వెంటనే. కమలాబాయి గారు భర్త ముఖంలోకి చూశారు.

సులోచన సూది పక్కన పెట్టేసి, ఎక్స్‌రే తీసేదాకా దాంట్లో ఎవరూ ఏమీ ఎక్కించకూడదని గట్టిగా చెప్పి వెళ్ళింది. ఆ వారం మందు ఆగిపోయింది. ఎక్స్‌రేకు ఎనిమిది రోజుల తర్వాత తేదీ ఇచ్చారు. ఆగడం అనేదే చేతకాని మనిషికి ఎనిమిది రోజులు. రెండోరోజు ఉండబట్టలేక మనస్వినికి ఫోన్ చేశారు.

"నేను బాపురావును మాట్లాడుతున్న. నువ్వు కొట్టిన బ్రేకుకు నా పోర్టు తిరగబడ్డదమ్మా. మళ్ల ఆపరేషన్ అంటున్రు. నా మందు బందైంది. ఇగ క్లాసులు ఉండయి. వేరేటోళ్లను సూస్కో."

అవతల "సారీ అండీ" అని చిన్నగా వినిపించి ఫోన్ కట్ అయింది. ఆ సాయంత్రమే ఆ అమ్మాయి టెస్టు క్యాన్సిల్ చేసుకుంది. ఉద్యోగం ఇచ్చినవాళ్ళకు ఇప్పట్లో చేరలేనని రాసింది.

ఎక్స్‌రే గదిలో డాక్టరు తెర వాళ్ళవైపు తిప్పి చూపించాడు. బిళ్ల బోర్లా పడి ఉంది. దాని చుట్టూ గొట్టం కండెకు దారం చుట్టినట్టు మెలికలు తిరిగి ఉంది. చుట్టుకుంటూ పైకి లాక్కురావడంతో, గుండె దగ్గర ఉండాల్సిన కొస మెడలోకి ఎక్కి కూర్చుంది.

"చెవిలో చప్పుడు వినిపించిందా?" అని అడిగాడు.

బాపురావు గారు తలవంచుకున్నారు. "మందు ఆగకముందు రెండు వారాలు."

"ఒక్క కుదుపుకు బిళ్ల తిరిగిందంటే ఏమో అనుకోవచ్చు. ఇన్ని మెలికలు పడవు. ఇది చాలాకాలంగా చేత్తో తిప్పుతుంటే జరిగేది. కొంతమంది చేస్తారు, వాళ్ళకు తెలియదు కూడా."

బెల్టు, కారు, లైటు అంటూ బాపురావు గారు ఏదో చెప్పబోయారు. అప్పటికే ఆయన కుడిచెయ్యి ఎడమ భుజం కింద ఉంది. డాక్టరు చూశాడు, కమలాబాయి గారూ చూశారు. అందరికంటే చివర ఆయన చూసుకున్నారు.

ఇంటికి వెళ్ళే దారిలో కమలాబాయి గారే కారు నడిపారు. సగం దూరం వచ్చాక అన్నారు: "ఆ పిల్ల టెస్టు బందు చేస్కున్నదట. గుడి దగ్గర వాళ్ళ ఆయన కలిసి చెప్పిండు."

"బండి అటు తిప్పు," అన్నారు ఆయన.

మనస్విని వాళ్ళ ఫ్లాట్ రెండో అంతస్తులో. లిఫ్ట్ లేదు. మధ్యలో రెండుసార్లు మెట్ల మీద కూర్చుని, లేచి, తలుపు కొట్టారు. ఆమె తలుపు తీసి భయంగా చూసింది. లోపలికి రమ్మంటే రాకుండా గడపలోనే నిలబడి చెప్పేశారు.

"తప్పు నీది కాదు బిడ్డా. ఇప్పుడే పిక్చర్ సూపిచ్చిన్రు. నేనే నెలలసంది యేళ్లతోని తిప్పి తిప్పి ఖరాబు చేసుకున్న. పసుపు లైటు పడ్డది, నువ్వు ఆగినవ్. నేను నేర్పిందే గది. ఎవలనన్న అనాల్నని నిన్ను అన్న."

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది కానీ పర్లేదని అనలేదు. "నాకు కారెక్కాలంటేనే భయమేస్తోందండీ. ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చాననుకున్నాను. ఫోన్ చేసేముందు ఒక్కసారి ఆలోచించాల్సింది కదా అంకుల్."

"ఆలోచించాలె. నిజమే," అన్నారు. పాఠాలు మళ్ళీ మొదలుపెడదామన్నారు. ఆమె తల అడ్డంగా ఊపింది.

ఆ ఫ్లాట్ నుంచి వచ్చిన రోజే ఆయన తనకు తెలిసిన ఒక లేడీ ఇన్‌స్ట్రక్టర్‌కు ఫోన్ చేసి, తొందరపెట్టకుండా నేర్పమని మనస్విని గురించి చెప్పారు. ఉద్యోగమిచ్చిన సర్జరీవాళ్ళకు తానే ఉత్తరం రాసి, ఆ అమ్మాయి ఆగిపోవడానికి కారణం తానేనని తెలిపారు. వాళ్ళు మూడు నెలలు ఆగడానికి ఒప్పుకున్నారు. సెప్టెంబర్‌లో మనస్విని పాసైంది. ఆ సంగతి బాపురావు గారికి ఆమె చెప్పలేదు, ఇన్‌స్ట్రక్టర్ చెప్పింది. ఆయన రోజంతా ఇంట్లో ఉత్సాహంగా తిరిగారు.

ఈలోగా జులైలోనే పాత పోర్టు తీసి, కుడివైపు కొత్తది పెట్టారు. ఈసారి కండకు గట్టిగా కుట్టారు. నిఖిత నాన్నకు ఒక రబ్బరు బంతి తెచ్చిచ్చింది. "స్క్వీజ్ దిస్, నాట్ దట్," అంది. బంతి రెండు నెలల్లో చీలిపోయింది. పోర్టు మాత్రం కదల్లేదు.

కదలకపోయినా ఇంకో చిక్కు వచ్చింది. నవంబర్ నుంచి డ్రిప్ పెట్టిన రోజు చలి, వణుకు. గంటన్నర దుప్పట్ల కింద కొట్టుకుని, చెమట పట్టి, తగ్గిపోయేది. ప్రైవేటు డాక్టరుకు ఫోన్ చేస్తే అది మంచి సూచనే అన్నాడు. లోపల క్రిములు చస్తుంటే అలాగే ఉంటుంది, కొనసాగించమన్నాడు. ఆ మాట బాపురావు గారికి బలాన్నిచ్చింది. వణుకు వచ్చిన రోజు ఆయన ముఖంలో ఒక వెలుగు. "చస్తున్నయ్, చస్తున్నయ్," అని పళ్ళు కొట్టుకుంటుండగానే అనేవారు.

కమలాబాయి గారికి నచ్చలేదు. స్కూల్ కిచెన్‌లో రోజూ ఫ్రిజ్‌ల టెంపరేచర్, వండిన కూరల టెంపరేచర్ టైముతో సహా రాయడం ఆమె డ్యూటీ. అదే అలవాటులో భర్త జ్వరాన్ని కూడా టైము వేసి రాస్తూ వచ్చారు. ప్రతిసారీ పోర్టులోకి ఏదైనా ఎక్కించిన అరగంట, నలభై నిమిషాల్లోనే. మిగతా రోజుల్లో అసలు లేదు.

2016 జనవరి మొదటి వారం. సెలవుల వల్ల మందు పార్సిల్ రాలేదు. సోమవారం పదకొండింటికి సులోచన వచ్చి, గొట్టం మూసుకుపోకుండా సెలైన్ మాత్రం ఎక్కించి వెళ్ళింది. పదకొండున్నరకు బాపురావు గారు సోఫాలో ముడుచుకుపోయారు. దవడలు కొట్టుకోవడం వంటింట్లోకి వినిపించింది. ఈసారి వణుకు ముందటిలా లేదు. సోఫా కదులుతోంది. గోళ్ళు నీలంగా మారాయి.

"చస్తున్నయ్..." అని ఏదో అనబోయారు.

కమలాబాయి గారు థర్మామీటర్ చూసి, తన కాగితాలు చూసి, ఉన్నట్టుండి గట్టిగా అడిగారు: "మందే ఎక్కనినాడు ఏ పురుగులు చస్తున్నయి?"

ఆమె సులోచనకు ఫోన్ చేశారు. ఆమె కారు ఇంకా ఊరు దాటలేదు. విన్న వెంటనే అంది: "పోర్టుకే పట్టింది వదినా, ఇన్ఫెక్షన్. ఎక్కించినప్పుడల్లా అది రక్తంలోకి పోతాండాది. దాన్ని ముట్టుకోవద్దు. ఇప్పుడే అంబులెన్స్‌ను పిలవండి. పోర్టు ఉందని ముందే చెప్పండి. నాకు ముందే తెలియాల్సింది, నేను కూడా ఆ డాక్టరు మాట నమ్మినా."

నిఖిత అప్పటికే 999కు ఫోన్ చేసి అడ్రస్ చెబుతోంది. ఆ గొంతు ఎక్కడా వణకలేదట. ఫోన్ పెట్టేశాక మాత్రం బాత్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆసుపత్రిలో పోర్టు నుంచి ఒక సీసా, చేతి నుంచి ఒక సీసా రక్తం తీశారు. మరుసటి రోజుకు రెండింట్లోనూ ఒకే క్రిమి పెరిగింది, పోర్టుదాంట్లో చాలా ముందుగా; అంటే మూలం పోర్టే. బీపీ పడిపోవడంతో మొదటి రాత్రంతా గమనించి, తర్వాత వార్డుకు మార్చారు. డాక్టరు వచ్చి పోర్టు ఆ రోజే తీసేయాలన్నాడు. సంతకం కావాలి.

బాపురావు గారు కాగితం పట్టుకుని, పెన్ను తీసుకోలేదు. "మందులిచ్చి దీన్ని కాపాడనీకె రాదా?" అని అడిగారు. ప్రమాదమని డాక్టరు వివరించి, ఆలోచించుకోమని పక్క బెడ్డు దగ్గరికి వెళ్ళాడు.

"ఇది తీస్తే నాకు దారి బందైతది కమలా."

"ఏ దారి? ఏడాదిసంది దీంట్ల పోస్తనే ఉన్నం. ఎంత దూరం పోయినం చెప్పుండ్రి. మెట్లు ఎక్కుతున్నరా? నాలుగు పాఠాలు చెప్తున్నరా?"

"మరి ఊకె కూసోమంటవా? ఆగుడు నాతోని కాదు. నీకు తెల్వదా?"

"తెలుసు. పెండ్లయిన కాన్నుంచి చూస్తున్న. ఆగుడు రాకనే ఆ పిల్లను ఏడిపిస్తిరి. ఆగుడు రాకనే చెవుల చప్పుడు దాచి పెడితిరి. ఇప్పుడు పానం కూడ తీస్కుంటరా?" ఆమె మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. "బతికుంటే తిరుగుతరు. ఎంతన్న తిరుగుండ్రి, నేనేమన్న."

ఆయన పెన్ను కోసం చెయ్యి చాచారు.

పోర్టు తీసేశారు. రక్తంలోని క్రిమికి రెండు వారాలు మందులిచ్చి ఇంటికి పంపారు. నేను చూడడానికి వెళ్ళేసరికి ఆయన వంటింటికీ ముందు గదికీ మధ్య నడుస్తూ కనిపించారు. బక్కచిక్కిపోయారు. మాట్లాడుతూనే కిటికీ దగ్గరికి వెళ్ళి, వచ్చి, మళ్ళీ వెళ్ళారు.

"మందు ఆపినంక ఎప్పుడు పడిపోతనో అని సూస్తున్న," అన్నారు. "ఇయ్యాల పదకొండు దినాలు."

నెల గడిచింది. ఆయన ఎదురుచూసిన పతనం రాలేదు. అంతకుముందు ఎంత నీరసమో ఇప్పుడూ అంతే. ఏడాది పాటు తాను పట్టుకుని వేలాడింది లేకపోయినా తేడా తెలియలేదన్న సంగతి ఆయనకు ఊరట కలిగించలేదు, కోపం తెప్పించింది. కొన్నాళ్ళు ఆ ప్రైవేటు డాక్టరు మీద, కొన్నాళ్ళు కమలాబాయి గారి మీద, ఎక్కువగా తన మీద. పాత ఆసుపత్రి డాక్టరు దగ్గరికి తిరిగి వెళ్ళడానికి జూన్ దాకా మనసొప్పలేదు. వెళ్తే ఆయన "నేను చెప్పాను కదా" అనలేదు. ఫిజియోథెరపిస్టుకు రాశాడు.

ఫిజియో చెప్పింది చిన్న మాటే. అలసిపోయాక ఆగడం కాదు, అలసిపోకముందే ఆగాలి. పది నిమిషాలు నడవగలిగితే ఆరు నిమిషాలకే వెనక్కి తిరగాలి. ఆ మాట వినడానికి బాపురావు గారికి ఏడాది పట్టింది. బాగున్న రోజు పార్కు చుట్టూ తిరిగొచ్చి, తర్వాత నాలుగు రోజులు మంచం మీద. మళ్ళీ బాగున్న రోజు, మళ్ళీ పార్కు. కమలాబాయి గారు అనీ అనీ ఊరుకున్నారు. చివరికి ఆయన్ని లొంగదీసింది చిన్న విషయం. పాఠాలు మళ్ళీ మొదలుపెట్టాక, 2017 ఆగస్టులో ఒక స్టూడెంట్‌తో రౌండబౌట్ దగ్గర ఉండగా కాళ్ళలో బలం పోయి, బ్రేకు తొక్కాల్సిన క్షణంలో కాలు లేవలేదు. ఆ కుర్రాడే సమయానికి ఆపాడు. ఏమీ కాలేదు. అయినా ఆ సాయంత్రమే ఆయన డైరీలో ఉన్న పాఠాల్లో సగం కొట్టేశారు.

అప్పటినుంచి రోజుకు ఒక పాఠం, కొన్నాళ్ళకు రెండు. మధ్యలో ఇంటికొచ్చి గంట పడుకోవాలి. పడుకున్నా పాదం దుప్పటి కింద కదులుతూనే ఉంటుందని కమలాబాయి గారు నవ్వుతారు. అరికాళ్ళలో సూదులు పూర్తిగా పోలేదు. పేర్లు ఇప్పటికీ ఒక్కోసారి అందవు.

2019 మార్చిలో ఒక శనివారం టెస్కో షాపు ముందు కలిశారు. చేతిలో పాల సీసా. ఎట్లా ఉన్నారని అడిగాను.

"మంచిగున్న అని అనను. పోయినేడు గీ టైంకు ఇక్కడిదాక నడవలే. గది చెప్పగలను."

నడుస్తున్నారు కాబట్టి నేనూ పక్కన నడిచాను. బ్రెగ్జిట్ గురించి, నిఖిత లీడ్స్‌లో తీసుకున్న ఇంటి గురించి, కొత్త స్టూడెంట్ ఒకామె అరవై రెండేళ్ళ వయసులో స్టీరింగ్ పట్టుకోవడం గురించి చెప్పారు. ఆమెకు గేరు మారిస్తే భయమట. రివర్స్ మాత్రం అద్భుతంగా చేస్తుందట. మూలమీద లాంప్ పోస్టు దగ్గర ఆయన ఆగి వాచీ చూసుకున్నారు.

"ఆరు నిమిషాలైంది," అని వెనక్కి తిరిగి ఇంటివైపు నడవడం మొదలుపెట్టారు, నేను ఇంకా మాట మధ్యలో ఉండగానే.